ఇంజిన్ లైటు మీద వినాయకుడు

ఈ రోజు పొద్దున దీపం పెట్టి, అమ్మకు రెండు ఇడ్లీలు తినిపించి, హోసూరు నుంచి తమ్ముడి కారులో బయలుదేరాం. కృష్ణగిరిలో అమ్మకు కంటి పొర ఆపరేషన్. సూళగిరి దగ్గర కారు దగ్గి దగ్గి ఆగిపోయింది.

ఫోన్ చేస్తే మెకానిక్ వచ్చాడు. స్టీరింగ్ వెనక మీటర్ల మధ్య అతికించి ఉన్న చిన్న వినాయకుణ్ణి గోటితో తీశాడు. దాని కింద, లోపముందని హెచ్చరించే ఇంజిన్ లైటు వెలుగుతోంది.

"ఎన్నాళ్ళుగా ఎలుగుతా ఉందప్పా ఇది?"

"శానా దినాలైందన్నా. చూస్తే బయమైతా ఉండె. స్వామి చూసుకుంటాడని అతికించినాను," అన్నాడు తమ్ముడు.

వెనక సీటులోంచి అమ్మ అందుకుంది. "నా కంట్లో పొర దానంతటదే వచ్చిందిరా. నువ్వు చేతులారా అతికించుకున్నావే!"

మెకానిక్ స్కానర్ పెట్టి చూస్తే ఆక్సిజన్ సెన్సర్ పోయిందని తేలింది. అది ఇంజిన్ వెనకాల, పొగగొట్టం మీద, చెయ్యి దూరని చోట ఉంది.

"గొట్టం సల్లారాలమ్మా. బొమ్మ పీకినంత సుళువు కాదు," అన్నాడు.

కొత్తది బిగించేసరికి మధ్యాహ్నం దాటింది. ఆపరేషన్ గురువారానికి మారింది.

రోజూ పూజ చేసే నేను కూడా వినాయకుడికి ఈ ఉద్యోగం ఇవ్వలేదు. మీ కార్లలో ఏ దేవుడు ఏ లైటును మూస్తున్నాడో చెప్పండి.

సాయంత్రం ఇంట్లో అందరం కూర్చుని తేల్చాం. గురువారం బస్సులో వెళ్తాం. ఆపరేషన్ అయ్యాక కారు ముందు సీటు అమ్మది. లైట్లు ఇకపై ఆమే చూస్తుంది.