గేటు దగ్గర వదిలిన ఫోన్లు

పద్మావతిది చోడవరం పక్క పల్లె. ఇప్పుడు కూర్మన్నపాలెంలో అద్దెకుంటూ, అచ్యుతాపురం మందుల కంపెనీలో ప్యాకింగు చేస్తోంది. లోపలికి ఫోను తీసుకెళ్లనివ్వరు. గేటు దగ్గర కాంట్రాక్టరు మనిషి దేవీప్రసాద్‌కి అప్పజెప్పాలి. ఇంటినుంచి కాల్ వస్తే చూసి కబురందిస్తాడని ఆడవాళ్లంతా లాక్ నంబరు చీటీ మీద రాసి ఫోను వెనక అంటించేవారు. దాన్ని తెలివితక్కువతనం అనకండి. పిల్లకు జ్వరమొస్తే తల్లికి చెప్పే దారి కంపెనీ ఇంకేదీ ఉంచలేదు.

ఒకరోజు కానిస్టేబులు ఇంటికొచ్చి స్టేషనుకు రమ్మన్నాడు. ఎవరో ఒక ముసలాయన్ని ఆన్‌లైన్లో ముంచి కాజేసిన డబ్బు ఆమె పేరున ఉన్న ఖాతాలో పడిందట. ఆ ఖాతా సంగతే ఆమెకు తెలియదు.

"ఓటీపీ నీ ఫోనుకే వచ్చిందమ్మా. నువ్వు చెప్పకుండా ఎలా తెరుస్తారు?" అన్నాడు ఎస్సై.

పద్మావతి ఆ తేదీ, టైము అడిగింది. "అప్పుడు నాను డూటీలో ఉన్నానండి. ఫోను గేటు కాడుంది. నా ఆధార్ జిరాక్సూ ఆ కాంట్రాక్టరోల కాడే ఉంది."

"హాజరు తెచ్చి చూపించు. లేకపోతే ముద్దాయివి నువ్వే."

మర్నాడు గేటు దగ్గర ఆమె ఫోను ఇవ్వలేదు.

"ఇయ్యకపోతే పన్లేదు. ఇంటికెల్లిపో," అన్నాడు దేవీప్రసాద్.

ఆమె వెనక్కి తిరిగి లైనులోని వాళ్లందరికీ జరిగింది చెప్పింది. లైనులో ఉన్న సమీనా ముందుకొచ్చి, అప్పటికే ఇచ్చేసిన తన ఫోను దేవీప్రసాద్ చేతిలోంచి లాక్కుంది. "మా ఆయనకే నా పేరున ఒక్క ఖాతా తెరవడం సేతకాలేదు. నువ్వెన్ని తెరిసేవేటి ప్రసాదూ?"

లైనంతా నవ్వింది. చీటీలు పీకేశారు, నంబర్లు మార్చేశారు. లోపలికి మాత్రం ఒక్కరూ అడుగుపెట్టలేదు. ప్యాకింగు ఆగేసరికి మేనేజరు గురునాథరావు పరుగెత్తుకొచ్చాడు.

"ఏంటమ్మా ఈ గోల?"

"నా హాజరు కాపీ కావాలండి. ఫోన్లకి లాకర్లు పెట్టండి, తాళాలు మా కాడే ఉండాల. ఇంటోళ్లు కాల్ సెయ్యడానికి గేటు కాడ కంపెనీ ఫోనొకటి ఎట్టండి."

"రేపు చూద్దాం."

"అయితే మేమూ రేపే లోపలికొత్తాం సార్."

మధ్యాహ్నానికి మేనేజరు అన్నిటికీ ఒప్పుకున్నాడు. ఆ టైముకి ఆమె లోపలే ఉన్నట్టు హాజరులో చూశాక పోలీసులు దేవీప్రసాద్‌ని పట్టుకెళ్లారు. అతని దగ్గర ఆ లైనులోని ఆడవాళ్ల పేర్ల మీద తెరిచిన మరికొన్ని ఖాతాల వివరాలు బయటపడ్డాయి.

"నీ మీద కేసు లేదమ్మా. నువ్వు సాక్షివి," అన్నాడు స్టేషన్లో ఎస్సై.

పద్మావతి కుర్చీ లాక్కుని కూర్చుంది. బయట సమీనా, మిగతావాళ్లూ గుమ్మం నిండా నిలబడ్డారు.

"సాచ్చిగా సరిపోదు సార్. దొంగిలించింది నా పేరు. ఫిర్యాదు నాది, రాసుకోండి. తరవాత ఆలందరివీ రాసుకుందురు."