మూసిన కండ్లకు ఒక బటన్

యూనివర్సిటీ లైబ్రరీ ముందు బస్సెక్కి, నా కెమెరాల నేను తీసిన ఫోటోలు చూస్తూ కూసున్న. అక్కను సమాధి చేసి మూడు రోజులైంది. చర్చిల పెట్టె చుట్టూ నిలబడ్డోళ్ల మొఖాలన్నీ సాఫ్‌గా ఉన్నయి. అక్క మొఖం ఒక్కటే మసకగా వచ్చింది. ఏడుపు కూడా రాలే. ఒకదాని తర్వాత ఒకటి జరుపుతనే ఉన్న.

పక్కసీటు పెద్దాయన ఒళ్లో కూడా కెమెరా బ్యాగు ఉన్నది. పెండ్లిళ్లకు, చావులకు ఫోటోలు తీస్తడట. నా ఫోటోల దిక్కు చూసిండు గని, పెట్టెల ఉన్నది ఎవరని అడగలే.

"తప్పు నీది కాదమ్మా. ఆటోఫోకస్ కండ్లను ఎతుకుతది. మూసిన కండ్లు దానికి సరిగ్గ దొరకవు, తెరిచినోళ్ల దిక్కు పోతది."

నా కెమెరా తీసుకుని, మెనూలకు పోయి, వెనకాల ఒక బటన్‌ను సెట్ చేసిండు.

"ఇది నొక్కితే కండ్లు ఎతకుడు ఆపుతది. చిన్న డబ్బా వస్తది, దాన్ని నువ్వే మొఖం మీద పెట్టాలె. మళ్ల నొక్కితే మామూలైతది. బతికున్నోళ్లకు దీంతోని పని లేదు."

తార్నాకల దిగిపోయిండు.

కెమెరా ఇప్పటికీ అదే. అప్పటి నుంచి రెండు చావులకు ఆ బటన్ నొక్కిన. రెండు ఫోటోలూ మంచిగనే వచ్చినయి.