రెండో తరగతి గది కప్పు

మా ఊరి బడి కమిటీలో నాకు చోటు దొరికిందంటే అది నా గొప్పేమీ కాదు. పిల్లల తల్లుల్లో ఒకరైనా కమిటీలో ఉండాలని పైనుంచి కబురొచ్చింది. ఎగువ బజారు వాళ్లు చెప్పిన ఆవిడను దిగువ బజారు వాళ్లు ఒప్పుకోలేదు. దిగువ బజారు వాళ్లు చెప్పిన ఆవిడను ఎగువ బజారు వాళ్లు బడి గడప తొక్కనివ్వబోమన్నారు. హెడ్‌మాస్టరు తల పట్టుకుని తిరిగి తిరిగి చివరికి నడిమి బజారులో మా గుమ్మం ముందు నిలబడ్డాడు. మేము ముస్లిములం, ఇంట్లో మాట మాత్రం తెలుగే. మా ఆయన ఆయిలింజన్లు బాగుచేసేవాడు. రెండు బజార్ల ఇంజన్లూ ఆయన షెడ్డులో ఒకదాని పక్కన ఒకటి విప్పి పడి ఉండేవి. ఎవరి మనుషులమూ కాము కాబట్టి అందరికీ పనికొచ్చాం. పైగా నేను పదో తరగతి దాకా చదివాను.

ఎనభైల్లో పల్నాడులో ఊరు రెండు పార్టీలుగా చీలి ఉండటం వింతేమీ కాదు. మా ఊళ్లో ఎగువ బజారు వాళ్లు దిగువ బజారులో నడవరు, వాళ్లు వీళ్ల బజారులో నడవరు. రెండు బజార్ల పిల్లలూ కలిసి కూర్చునేది బడిలోనే. అందుకే పెద్దవాళ్లకు బడంటే అంత పట్టుదల.

కమిటీ కూర్చునే తీరు చూస్తే మొదటిసారి నాకు నవ్వొచ్చింది. వరండాలో రెండు బెంచీలు ఎదురెదురుగా వేయించేవాడు హెడ్‌మాస్టరు. ఇటు ముగ్గురు, అటు ముగ్గురు, నడుమ ఆయన స్టూలు, గోడ వారన నేను. ఒక బెంచీ జానెడు ముందుకు జరిగినా గొడవే. సమావేశం అయ్యాక కూడా ఎవరూ లేచేవారు కాదు. ముందు లేచినవాడు తగ్గినట్టు. అందుకని హెడ్‌మాస్టరు స్వయంగా వెళ్లి బడి గంట కొట్టేవాడు. గంట మోగగానే ఆరుగురూ ఒక్కసారే లేచేవారు. మీసాలు నెరిసిన మనుషులు ఒకటో తరగతి పిల్లల్లాగా గంట కోసం కూర్చోవడం చూసి ఇంటికొచ్చి మా అత్తమ్మకు చెప్పి నవ్వాను. ఆమె నవ్వలేదు.

"ఆళ్లని చూసి నవ్వమాక. ఆళ్లు ఎందుకు లేవరో నీకు తెలవదు," అంది.

తెలియడానికి ఎన్నాళ్లో పట్టలేదు. మా అమ్మాయి రెండో తరగతి. ఆ గది కప్పు నాపరాళ్లది. దూలాల మీద పరిచిన పెద్ద పెద్ద బండల్లో ఒకటి అడ్డంగా పగిలింది. బీటలోంచి వెలుగు కనపడేది. ఊరవతల ఎగువ బజారు పెద్దాయన క్వారీ ఉంది. మధ్యాహ్నం కూలీలు అన్నానికి వెళ్లేటప్పుడు అక్కడ రాతిలో మందు తూటాలు పెట్టి పేల్చేవారు. ముందు ఈల వేస్తారు, కాసేపటికి పేలుతుంది. పేలినప్పుడల్లా బడి కప్పు మీంచి సున్నమూ మన్నూ రాలేవి. ఒకరోజు మా పిల్ల జుట్టు దువ్వుతుంటే దువ్వెన నిండా సున్నం వచ్చింది.

"ఇదేందే?" అన్నాను.

"పైనుంచి పడుద్దమ్మా. ఈల వినపడంగానే మేమంతా పలకలు నెత్తిన పెట్టుకుంటాం. నేను ఇయ్యాల మర్చిపోయా."

ఎంత తేలిగ్గా చెప్పిందో! నా చేతిలో దువ్వెన అలాగే ఉండిపోయింది. మర్నాడు వెళ్లి చూశాను. పగిలిన బండ కింద సరిగ్గా రెండో వరుస. ఆ వరుసలో గోడవైపు చోటు మా పిల్లది. చోటు మార్చమని టీచరమ్మను అడిగాను. "మారిస్తే ఆ చోట్లో ఇంకెవరి పిల్లనో కూర్చోబెట్టాలి గదమ్మా. ఎవరిని కూర్చోబెట్టమంటావు?" అంది.

నాపరాయి పుట్టే గడ్డ మీద ఒక్క నాపరాయికి కరువు. ఎందుకంటే రాయి ఇవ్వగలిగింది ఎగువ బజారు పెద్దాయన. ఆయనిస్తే దిగువ బజారు వాళ్లు పుచ్చుకోరు. "ఆయన తూటాలకే పగిలింది. ముందు ఆ మాట ఒప్పుకోమను," అంటాడు దిగువ బజారు పెద్దాయన. "బడి కట్టినోళ్లకి చేతగాక పగిలింది. నా తూటాలేం చేశాయి?" అంటాడు ఆయన. బడి కట్టించింది ఒకప్పుడు దిగువ బజారు వాళ్లే. ఇట్లా బెంచీ మీంచి బెంచీ మీదికి మాటలు పోయేవి, గంట మోగేది, అందరూ లేచేవారు. బండ అక్కడే ఉండేది.

చివరికి ఆ వానాకాలంలో హెడ్‌మాస్టరు వచ్చే సమావేశంలో చేతులెత్తించి తేలుద్దామన్నాడు. ఎగువ బజారు రాయి తీసుకోవడమా, పిడుగురాళ్ల నుంచి తెప్పించుకోవడమా? ముగ్గురు అటు, ముగ్గురు ఇటు. హెడ్‌మాస్టరు చెయ్యెత్తడు. ఆయన సాయంత్రం బస్సుకు నరసరావుపేట పోయే మనిషి. ఇక మిగిలిన చెయ్యి నాది.

అప్పటి నుంచి నాకు అన్నం సహించలేదు. దిగువ బజారు పెద్దాయన ఇంజను చూసుకునే నెపంతో షెడ్డుకొచ్చి, నన్ను పిలిపించి, మర్యాదగానే మాట్లాడాడు. "చెల్లెమ్మా, ఈ షెడ్డు ఉన్న జాగా మాది. నీ పెనిమిటిని ఎన్నడైనా కాళీ చెయ్యమన్నామా?" అన్నాడు. అంతే, వెళ్లిపోయాడు. ఎగువ బజారు పెద్దాయన రాలేదు. ఆయన మనుషులు ఇద్దరు వచ్చి మా వాకిట్లో బీడీలు కాల్చుకుంటూ కూర్చున్నారు. ఏమీ అనలేదు. మా పిల్ల బడి నుంచి వస్తే మాత్రం, "ఏమే, ఏ దారిన వస్తావే నువ్వు?" అని అడిగారు. ఆ పిల్ల ఉత్సాహంగా దారంతా చెప్పింది. నేను వంటింట్లోంచి పరుగున వచ్చి పిల్లను లోపలికి లాక్కున్నాను.

"నీకెందుకొచ్చిన కమిటీ! తలనొప్పని చెప్పి ఇంట్లో పండుకో," అన్నాడు మా ఆయన.

"పండుకుంటే బండ ఆగుద్దా?" అన్నాను. మాటైతే అన్నాను గానీ, పండుకుందామనే ఉంది నాకు. ఎవరికి చెయ్యెత్తినా చచ్చాం. ఎత్తకపోతే పిల్ల తల మీద బండ. ఈ రెండు భయాల్లో ఏది పెద్దదని అడిగితే, చెప్పడానికి సిగ్గు లేదు, పగలు ఆ మనుషుల భయం, పడుకుంటే బండ భయం.

సమావేశం రోజు మబ్బు పట్టి జల్లు పడుతోంది. పిల్లలను ఆ రోజు ఒక పీరియడు ముందే అన్నానికి ఇళ్లకు పంపేసి మధ్యాహ్నం పెట్టారు. పిల్లను నేను వచ్చేదాకా బయటికి పంపొద్దని అత్తమ్మకు ఒకటికి రెండుసార్లు చెప్పి వెళ్లాను. వరండాలోకి జల్లు కొట్టి బెంచీలు తడిశాయి. లోపల కూర్చుందామన్నాడు హెడ్‌మాస్టరు. ఎక్కడా అని ఇంకా ఆలోచిస్తుండగానే నేను రెండో తరగతి గదిలోకి పోయి మా పిల్ల కూర్చునే చోట నేల మీద కూర్చున్నాను. ముందే అనుకున్నానా అంటే అనుకున్నాను. చెయ్యెత్తే ముందు వాళ్లొకసారి పైకి చూస్తే చాలనుకున్నాను. ఆ వేళకు ఈల పడుతుందనీ తెలుసు. వాళ్లకు మాత్రం తట్టలేదు. ఆ వేళకు వాళ్లెప్పుడూ బడిలో లేరు మరి.

బెంచీలు లోపలికి వచ్చాయి, ఎదురెదురుగా. ఇటు ముగ్గురు, అటు ముగ్గురు. ఎగువ బజారు పెద్దాయన పైకి చూశాడు. దిగువ బజారు పెద్దాయనా చూశాడు. ఇద్దరి నెత్తి మీదా అదే బండ. ఎవరైనా బెంచీ వెనక్కి జరుపుతారేమోనని చూశాను. ఒక్కరూ జరపలేదు. జరిపితే భయపడ్డట్టు కదా! మొండి మనుషులు, వాళ్ల మొండితనం మండిపోను. నా వీపు గోడకు అంటుకుపోయింది.

హెడ్‌మాస్టరు గొంతు సవరించుకుని మొదలుపెట్టబోయేసరికి గుమ్మంలో మా పిల్ల.

"నువ్వెందుకొచ్చావే?" అన్నాను. అరిచినట్టే ఉండి ఉంటుంది.

"ఎక్కం రాసుకుందామని పలక కోసం వచ్చానమ్మా. నానమ్మ కునుకు తీస్తంది." తడిసిన జడలతో లోపలికొచ్చి, తన పలక తీసుకుని, అంతమంది పెద్దవాళ్లను చూసి సిగ్గుపడి నవ్వింది.

పొమ్మని చెప్పబోయాను. అప్పుడే క్వారీ వైపు నుంచి ఈల వినపడింది.

పిల్ల పలక నెత్తిన పెట్టుకుంది. చటుక్కున, ఈగను తోలుకున్నంత మామూలుగా. తర్వాత బెంచీల వైపు చూసింది. పెద్దవాళ్ల నెత్తిన ఏమీ లేదు. అన్నానికి వెళ్లిన పిల్లల పలకలు ఎవరి చోట్లో వాళ్లవి నేల మీద ఉన్నాయి. ఒక చేత్తో తన పలక పట్టుకుని, ఇంకో చేత్తో ఒకటి తీసి ఎగువ బజారు పెద్దాయన ముందు చాపింది.

"తాతా, నెత్తిన పెట్టుకో."

"ఎందుకే?" అన్నాడాయన. నవ్వుతూనే అన్నాడు.

"మీ ఈల అయినాక పైనుంచి పడుద్ది తాతా."

ఆయన నవ్వు ఆగిపోయింది. ఏడాదిగా ఆరుగురు మగవాళ్లు బెంచీల మీద తేల్చుకోలేని సంగతి అది. ఆ పిల్ల తగవు తీర్చడానికి అనలేదు, దెబ్బ తగులుతుందని అంది. ఆయన పలక అందుకున్నాడు. పిల్ల ఇంకొకటి తీసి అటువైపు పెద్దాయనకు ఇచ్చింది. మూడోది తీయడానికి వంగింది.

ఈలకూ పేలుడుకూ నడుమ ఎంతసేపుంటుందో నాకు సరిగ్గా తెలియదు. తెలిసిన మనిషి ఆయనే. ఆయన ముఖం చూశాను. అందులో నెత్తురు చుక్క లేదు. నేను పాకినట్టే పోయి పిల్ల రెక్క పట్టుకుని గుమ్మం వైపు లాగాను. గుమ్మం చేరనే లేదు.

నేల కాళ్ల కింద కదిలింది. పిల్లను కిందేసి పైన పడ్డాను. సున్నం నా మెడ మీద పడుతోంది, వేడిగా ఉందో చల్లగా ఉందో కూడా తెలియలేదు. వెనక టప్పుమని ఏదో పగిలిన చప్పుడు. అయిపోయింది, పడింది అనుకున్నాను. నా కింద పిల్ల, "అమ్మా, ఊపిరాడట్లా," అంది. ఆ మాట విని ఏడ్చాను.

తిరిగి చూస్తే బండ పైనే ఉంది. దాని అంచు నుంచి అరచేతంత పెచ్చు ఊడి రెండో వరుసలో గోడవైపు పడి ఉంది. దాని కింద పక్క పిల్ల పలక ముక్కలై ఉంది. ఆరుగురూ బెంచీల మీదే ఉన్నారు. పెద్దాయనలిద్దరి నెత్తినా పలకలు. మిగతా నలుగురి నెత్తినా కండువాలు, చేతులు. మీసాల నిండా సున్నం. పైన బీట ఇదివరకటి కన్నా వెడల్పుగా నోరు తెరిచి ఉంది. అయినా ఒక్కరూ లేవలేదు. నాకు పిచ్చి కోపం వచ్చింది. భయం కన్నా పెద్ద కోపం.

"మాస్టారూ, గంట కొట్టండయ్యా! గంట కొడితే గానీ లెగవరు వీళ్లు!" అని అరిచాను.

హెడ్‌మాస్టరు పరుగెత్తి గంట కొట్టాడు. ఎన్నిసార్లు కొట్టాడో ఆయనకే తెలియదు. ఆరుగురూ ఒక్కసారే లేచి బయటికొచ్చారు.

వరండాలో జల్లులో నిలబడి ఎగువ బజారు పెద్దాయన చాలాసేపు తన చేతిలో పలక చూసుకున్నాడు. దాని మీద ఎవరో పిల్లవాడు రాసిన రెండో ఎక్కం సగం చెరిగిపోయి ఉంది. "రాళ్లు పంపిస్తా. బడి వదిలినాకే పేలుస్తారు ఇంక," అన్నాడు, ఎవరి ముఖమూ చూడకుండా. దిగువ బజారు పెద్దాయన కండువా దులుపుకుని, "మోసేది మా ట్రాక్టరు," అన్నాడు. నా చెయ్యి అడిగిన వాళ్లే లేరు. మా వాకిట్లోకి బీడీల వాళ్లు మళ్లీ రాలేదు. షెడ్డు జాగా మాట మళ్లీ వినపడలేదు. అయినా నేను చాలాకాలం పిల్లను చెయ్యి పట్టుకునే బడికి తీసుకెళ్లాను.

పాత బండను గడ్డపారతో తాకీ తాకగానే రెండుగా విరిగి గది నడుమ పడిందట. చూడ్డానికి నేను వెళ్లలేదు. ఊరంతా వెళ్లి చూసొచ్చి నాకు చెప్పారు.

కొత్త బండలు పరిచాక ఆ గదిలో పటికబెల్లం పంచారు. కమిటీ వాళ్లందరం గోడ వారగా నిలబడ్డాం. పిల్లలు బుద్ధిగా కూర్చుని నాకుతున్నారు. అంతలో రోడ్డు మీద మాచర్ల బస్సు ఆగింది. కండక్టరు రైట్ చెప్పడానికి ఈల వేశాడు. గదిలో పిల్లలంతా పటికబెల్లం వదిలేసి పలకలు నెత్తిన పెట్టుకున్నారు. ఎగువ బజారు పిల్లలూ దిగువ బజారు పిల్లలూ అందరూ. "ఇంక అక్కర్లేదర్రా, దించండి," అంది టీచరమ్మ. ఎవరూ దించలేదు. బస్సు చప్పుడు దూరమయ్యేదాకా అలాగే ఉన్నారు. పెద్దాయనలిద్దరూ బయటికి వెళ్లిపోయారు. ఆ రోజు గంట కొట్టనక్కర్లేకపోయింది.

ఆ ఏడాది చివర్లో పిల్లకు గుడ్డలు కొనడానికి నరసరావుపేట తీసుకెళ్లాను. బస్సులో నా ఒళ్లో కూర్చుని కిటికీలోంచి మిరప చేలు చూస్తూ ఏదో పాడుకుంటోంది. మధ్యలో ఒక ఊళ్లో బస్సు ఆగి, బయల్దేరేటప్పుడు వెనక నుంచి కండక్టరు ఈల వేశాడు. పాట ఆగిపోయింది. చేతిలో పలక లేదు. తన చిన్న చెయ్యి ఎత్తి నెత్తిన పెట్టుకుంది.

దాని చేతి మీద నా చెయ్యి పెట్టాను. ఆ ఊరు దాటేదాకా తియ్యలేదు.