రెండు గంటలు ఆపాలన్నారు

మా బాపు పసుపు ఉడికించేవాడు. ఆర్మూర్ చుట్టుపక్కల ఎవరి చేనులో పసుపు తవ్వినా కడాయి దగ్గర ఆయన ఉండాల్సిందే. కొమ్ములోకి పుల్ల గుచ్చి, ఉడికిందో లేదో చెప్పేవాడు. ఆయన చెప్పాక ఇంకొకరు నోరెత్తేవారు కాదు. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. మా ఇంట్లో ఆ బలవంతుడితో నలభై ఏళ్లు అమ్మ వేగింది, తర్వాత నేను వేగాను.

తొంభైల మొదట్లో ఒకరోజు ఆయనకు మూత్రం ఎర్రగా వచ్చింది. నొప్పేమీ లేదు. దవాఖానకు పోదామంటే నవ్వాడు.

“పసుపుకు సున్నం తాకితే ఏమయితది? ఎర్రగయితది. నా ఒంట్ల గిన్నేండ్ల పసుపు ఉన్నది. రోజూ పాన్‌ల సున్నం తింటున్న. గంతే, ఫికర్ చెయ్యకు.”

పసుపు మధ్య పుట్టి పెరిగినవాళ్లం. మాకు అంతకన్నా రుజువేం కావాలి? అమ్మ పాన్ మాన్పించింది. ఎనిమిది రోజులకు ఎరుపు పోయింది. ఇంకేం, అందరం నమ్మేశాం. బడిలో పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని, నేనూ నమ్మాను. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఏడాది తిరిగాక నెత్తురు గడ్డలు పడ్డాయి. అప్పటికి అమ్మ లేదు, నేనే హైదరాబాద్ తీసుకెళ్లాను. మూత్రసంచిలో కాన్సర్ అన్నారు. గొట్టం పెట్టి లోపలి గడ్డను గీకి తీశాక, డాక్టర్ మా ముందు రెండు దారులు పెట్టాడు. ఒకటి, మూత్రసంచిని మొత్తం తీసేసి, కడుపు మీద బయట ఒక సంచి తగిలించడం. రెండోది, పసిపిల్లలకు క్షయ రాకుండా వేసే టీకా మందునే వారానికొకసారి, ఆరు వారాలు, మూత్రసంచిలోకి ఎక్కించడం. ఆ మందు ఒంట్లో నిద్రపోతున్న కాపలాను లేపుతుందట. కాపలా లేస్తే కాన్సర్‌ను అదే తరుముతుందట. ఫలిస్తే మూత్రసంచి దక్కుతుంది, లేకపోతే కోయక తప్పదు.

“బయట సంచి ఏలాడేసుకొని నలుగుర్ల ఎట్ల కూసుంట సారూ? మందే ఎక్కియ్యుండ్రి,” అన్నాడు బాపు.

బడికి సెలవు పెట్టి, వారం వారం మొదటి బస్సుకు ఆయనతో బయలుదేరేదాన్ని. మందు ఎక్కించాక రెండు గంటలు మూత్రం ఆపుకోవాలి. మందు అన్ని వైపులా తగలడానికి పావుగంటకోసారి పక్క మారాలి. నేను గడియారం చూస్తూ ఆయనను తిప్పేదాన్ని.

“పసుపు ఎండవోసి తిరగేసినట్టు తిప్పుతున్నవు గద బిడ్డా!”

మొదటి వారం ఆ మాటకు ఇద్దరం నవ్వాం. మూడో వారానికి నవ్వే ఓపిక ఇద్దరికీ పోయింది. ఇంటికొస్తే ఆయనకు మంట, జ్వరం. మందులో బతికున్న క్రిములు ఉంటాయని, ఆయన మరుగుదొడ్డికి వెళ్లొచ్చిన ప్రతిసారీ బ్లీచింగ్ పోయమన్నారు. ఆ పని నాది. ఆ వాసన చేతులకు పట్టి అన్నం సహించేది కాదు. నిజం చెప్పాలంటే కోపం జబ్బు మీద రాలేదు, బాపు మీదే వచ్చేది.

నాలుగో వారం మందు ఎక్కించి అరగంట కాలేదు. ఆయన మంచం దిగి మరుగుదొడ్డికి పరుగెత్తాడు. తిరిగొచ్చి గోడ పట్టుకుని నిలబడ్డాడు. ధోతి తడిసి ఉంది. ఆయన తల దించుకోవడం నేను అదే మొదటిసారి చూడటం.

“ఎవ్వలకు చెప్పకు బిడ్డా. ఇజ్జత్ పోతది.”

ఆయన ధోతి మార్చుకుని పడుకున్నాడు. ఎప్పటిలాగే రెండు గంటలు కాగానే నర్సు వచ్చి అడిగింది.

“ముసలాయన పూరా ఆపిండా?”

“ఆపిండు,” అన్నాను.

ఆరు వారాలూ అయ్యాయి. కొన్నాళ్లకు లోపల మళ్లీ చూసి, గడ్డ తిరిగొచ్చిందన్నారు. మూత్రసంచి తీసేశారు. ఆ నాలుగో వారం మందు నిలవకపోవడం వల్లే ఇలా అయిందా అని డాక్టర్‌ను అడగాలని చాలాసార్లు అనుకున్నాను. ధైర్యం చాలలేదు.

కడుపు మీద సంచితోనే బాపు ఇంకో ఆరేళ్లు బతికాడు. వదులుగా అంగీలు కుట్టించుకుని, కడాయిల దగ్గరికి వెళ్లడం మాత్రం మానలేదు. కాకపోతే ఇప్పుడు దూరంగా, ఒక్కడే కూర్చునేవాడు. ఇంటికి ఎవరొచ్చినా ఆయనకు ఒకటే మాట.

“దవాఖానల నా ఇజ్జత్ కాపాడింది నా బిడ్డనే.”

ఆ మాట వినలేక లోపలికి వెళ్లిపోయేదాన్ని. ఆ రోజు నిజం చెప్పి ఉంటే, ఏం చేయాలో డాక్టరే చూసి చెప్పాలని, ఆయన ఆపరేషన్లు ముగించుకుని వచ్చేదాకా సాయంత్రం వరకూ మమ్మల్ని ఆపేవారు. మా బస్సు మూడింటికి. నేను అబద్ధమాడింది ఆయన ఇజ్జత్ కోసం కాదు, ఆ బస్సు కోసం.