పోశాలు బండి బేరం

పెద్దవంగరలో పోశాలు ట్రాక్టర్‌కు నలభై ఏళ్లు దాటాయి. ఒక పెద్ద రైతు దగ్గర డ్రైవరుగా దాన్ని నడిపి, ఆయన కొత్తది కొన్నప్పుడు పాతదాన్ని తాను తీసుకున్నాడు. ఏ రోగమొచ్చినా దానికి రెండు పానలు, ఒక సుత్తె చాలు. సెల్ఫ్ మోటారు మాత్రం పడిపోయి పదేళ్లయింది. అందుకని రోజూ పని ముగిశాక వాడచివరి దిగుడు మీద నిలిపి, చక్రం కింద రాయి పెడతాడు. పొద్దున రాయి తీసి, నాలుగు గజాలు దొర్లనిచ్చి క్లచ్ వదిలితే ఇంజన్ అందుకుంటుంది.

కొడుకు దేవేందర్‌కు ఆ రాయంటే నామోషీ. పాతది అమ్మి కొత్తది తెస్తానన్నాడు. పోశాలుకు మనసొప్పలేదు, కాని కొడుకు మాట కాదనలేక సరేనన్నాడు.

మరిపెడ దగ్గరి తండా నుంచి భీమ్లా చూడవస్తున్నాడని తెలిసి, మార్తమ్మ భర్త చెవిలో చెప్పింది: "దిగుడు మీద గాదు, సాపు జాగల పెట్టు. స్టార్ట్ గాకుంటె ఆయనే పోతడు."

"నలుగుర్ల నా బండి మొరాయిస్తె నా ఇజ్జత్ ఏం గావాలె?" అన్నాడు పోశాలు.

భీమ్లా ఎదుటే రాయి తీసి సీటెక్కాడు. బండి దొర్లింది, ఒక్క నల్లపొగ వదిలి అందుకుంది. భీమ్లా బానెట్ మీద అరచెయ్యి పెట్టి విన్నాడు.

"గీ సప్పుడు కొత్త బండ్లల్ల యాడిదన్నా? తీస్కపోత."

పోశాలు ముఖం వెలిగి, అంతలోనే వాడిపోయింది. మార్తమ్మ నుదురు కొట్టుకుంది.

"మందిచేతికి ఇయ్యకు," అన్నాడు పోశాలు సీటు మీది నుంచే.

"ఇయ్య."

"రెండో గేరు జర మొండిది. గుంజకు, బుజ్జగించు."

"సరే."

"పెద్ద ఎండల జర నీడకు ఆపు. వారానికోపారి నేనొచ్చి చూసిపోత."

భీమ్లా నవ్వాపుకోలేకపోయాడు. "అన్నా, బండి అమ్ముతున్నవా, బిడ్డను అత్తగారింటికి తోలుతున్నవా? నువ్వు దిగితెనే గద నేనెక్కేది."

"దిగుత," అన్నాడు పోశాలు. దిగలేదు. స్టీరింగ్ మీద చేతులూ తీయలేదు.

పక్కనే ఉన్న దేవేందర్ తండ్రిని కాసేపు చూశాడు. నవ్వొచ్చింది, నవ్వలేదు.

"భీమ్లన్నా, నీకు వరికి కరిగెట దున్నేది ఎన్నెకరాలున్నది?"

"నాలుగు."

"బండితోని మా నాయినే వస్తడు. దున్నిపిచ్చుకో. కొనుడు గినుడు వద్దు."

భీమ్లా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "రేపు పొద్దుగాల్నే రావాలె మరి."

"కోడికూతకే వస్త," అని పోశాలు అప్పుడు సీటు దిగాడు.