పేరు చెప్పని మేడ

1944 వానాకాలం మొదట్లో, సర్కారు కాగితాల లెక్కలో ఫసలీ 1353లో, నన్ను మెదక్ నుంచి సిద్దిపేటకు సబ్ పోస్టుమాస్టరుగా బదిలీ చేశారు. నైజాం రోజుల్లో తపాలాను టప్పా అనేవారు, ఆఫీసును టప్పాఖానా అనేవారు. కాబట్టి ఊరివాళ్లకు నేను టప్పా సాబును. నా కింద ఒక గుమాస్తా, ఇంటింటికీ ఉత్తరాలు పంచే ఇద్దరు జవాన్లు, పల్లెలకు సంచులు మోసే హర్కారాలు ఉండేవారు. నా పైన హైదరాబాదులో ఎంతమంది ఉండేవారో వాళ్లకే సరిగ్గా తెలియదు.

జవాన్లలో పెద్దవాడు ఖాసిం సాబు. బజారు వైపు పంపకం ఆయనది. నేను చేరిన కొద్ది రోజులకే ఆయన ఒక కవరు తెచ్చి నా బల్ల మీద పడేశాడు. ఆ పడెయ్యడంలోనే ఆయన విసుగంతా ఉంది.

"మళ్ల ఇన్కార్, సాబ్" అన్నాడు.

ఇన్కార్ అంటే ఏమిటో చెప్పాలి. ఉత్తరం ఎవరి పేరిట వచ్చిందో ఆ మనిషి తీసుకోనంటే జవాను దాన్ని బలవంతంగా అంటగట్టకూడదు. ఆఫీసుకు తెచ్చి, 'తీసుకోనన్నారు' అనే అర్థం వచ్చే ఎర్ర ముద్ర కొట్టి, రాసినవాళ్లకు తిప్పి పంపాలి. పైన వాళ్ల పేరు లేకపోతే హైదరాబాదు పెద్దాఫీసులో విప్పి చూసి పంపేవారు. మనసు మార్చుకుంటారేమో అని కొన్నాళ్లు ఆపి ఉంచే అధికారం పోస్టుమాస్టరుకు ఉంది. నాకు ముందున్న ఆయనకు బల్ల శుభ్రంగా ఉండాలి, అందుకని ఏ రోజుది ఆ రోజే తోలేసేవాడు. నా బల్ల ఎప్పుడూ శుభ్రంగా ఉండేది కాదు, అందుకని ఆపేవాణ్ని.

తీసుకోనంటున్న మనిషి మల్లాగౌడ్, కల్లు గుత్తేదారు. చింతమడక వైపు తాటివనాలు ఆయన చేతిలో ఉండేవి. అంతకుముందు చలికాలంలో బజారు చివర ఒక రెండంతస్తుల మేడ కొన్నాడు. దాన్ని కట్టించినవాడు వడ్డీ వ్యాపారి. పొలాలు పోగొట్టుకున్న రైతులు వచ్చి ఆ గడప ముందు కూర్చుని ఏడ్చేవారట. అందుకని ఊరంతా దాన్ని ఏడుపుల మేడ అనేది. వ్యాపారి పోయాడు, వారసులు అమ్ముకుని హైదరాబాదు చేరారు, పేరు మాత్రం ఎక్కడికీ పోలేదు.

మల్లాగౌడ్ ఇంటికి సున్నం వేయించి, ముందు గోడ మీద నీలం రంగుతో తెలుగులోనూ ఉర్దూలోనూ 'లింగయ్య మంజిల్' అని రాయించాడు. లింగయ్య ఆయన తండ్రి. పేరు మార్పు దరఖాస్తు ఇవ్వడానికి నా దగ్గరికి వచ్చినప్పుడు ఆయనే చెప్పాడు.

"మా నాయిన గీ ఇంటి ఎనుక దర్వాజ కాడ కల్లు కుండ దించి నిలవడెటోడు సాబు. కూసో అన్నోడు లేకుండె. ఇప్పుడు ముందల గోడ మీద కూసున్నడు."

ఈ మాట నాకు నచ్చింది. దరఖాస్తు మీద మొహరు వేసి, పంపకం చీటీలో కొత్త పేరు ఎక్కించాను. టప్పాఖానా వరకు పని అయిపోయింది. ఊరి పనే కాలేదు.

ఊళ్లో ఆయన నేను రాకముందే డప్పు చాటింపు వేయించి ఉన్నాడు. చాటింపు వేసేవాడికి ఏ ఇల్లో చెప్పకుండా ఏ పేరో చెప్పడం ఎట్లా? అందుకని వాడు గల్లీ గల్లీ తిరిగి, "వినుండ్రి! ఏడుపుల మేడను ఇయ్యాల్టి సంది ఏడుపుల మేడ అనొద్దు, లింగయ్య మంజిల్ అనాలె!" అని అరిచాడు. కొత్త పేరు ఒకసారి, పాత పేరు రెండుసార్లు. అప్పటిదాకా ఆ పేరు ఎరగని వాడకట్టు పిల్లలు కూడా ఆ సాయంత్రానికి నేర్చుకున్నారు.

దాంతో మల్లాగౌడ్ అప్పటినుంచే మొండికేశాడు. పాత పేరు రాసి వచ్చిన ఏ ఉత్తరమూ తన గడప ఎక్కకూడదన్నాడు. ఆయనకు తెలుగే అంతంత మాత్రం, పై చిరునామాలేమో ఉర్దూలో ఉండేవి. ఖాసిం సాబు వాకిట్లో నిలబడితే ఒకటే ప్రశ్న వేసేవాడు: "ఇంటి పేరు ఏం రాసిన్రు?" ఖాసిం సాబు ఉన్నది చదివేవాడు. "తీస్కపో!" అనేవాడు. ఎవరు రాశారని అడిగేవాడు కాదు.

ఇక్కడొక సంగతి ముందే చెప్పేస్తాను. ఆ రోజు మాలో ఎవరికీ తెలియదు గాని, ఉత్తరాలు పంచి బతికినవాణ్ని, దాచిపెట్టి చెప్పడం నాకు చేతకాదు. ఆ కవర్లు రాసింది మల్లాగౌడ్ తమ్ముడు కిష్టాగౌడు. ఫౌజులో చేరి యుద్ధానికి పోయాడు. మేడ కొన్నప్పుడు సెలవు మీద ఇంట్లోనే ఉన్నాడు, గోడ మీద పేరు ఎక్కక ముందే తిరిగి వెళ్లిపోయాడు. అంటే అతనికి తెలిసిన చిరునామా ఏడుపుల మేడే. ఇప్పుడు ఒక కాలు పోగొట్టుకుని పూణెలో ఫౌజీ దవాఖానలో పడున్నాడు, ఎవరైనా వచ్చి తీసుకుపొమ్మని రాస్తున్నాడు. మొదటి కవరు నేను చేరకముందే ఎర్ర ముద్రతో వెనక్కి పోయింది. ఇప్పుడు నా బల్ల మీద ఉన్నది రెండోది. పైన రాసినవాడి పేరు లేదు. ఇంగ్లీషు ముద్ర సగమే పడింది, నేను పూణె అని మాత్రం పోల్చుకోగలిగాను. పూణె నుంచి కల్లు గుత్తేదారుకు ఎవరు రాస్తారా అనుకుని, గూట్లో పెట్టాను.

ఈలోగా మల్లాగౌడ్ ఇంట్లో మరో గొడవ నడుస్తున్నది. ఊరు మాట వినకపోతే పోనీ, సొంత ఇంట్లో తల్లి నర్సవ్వ, పెళ్లాం రాజవ్వ కూడా కూరగాయల మనిషికి, చాకలికి, బండివాడికి ఏడుపుల మేడ అనే చెప్తున్నారని ఆయనకు తెలిసింది. నోట్లో ఏం పెట్టుకున్నారని అరిచాడు. ఇద్దరి చేతా తన తల మీద ఒట్టు వేయించుకున్నాడు, ఆ మాట మళ్లీ అనకూడదని. వాళ్లు ఎందుకు అంటున్నారో మాత్రం ఆలోచించలేదు. ఎంతైనా మగవాడు గదా.

మా వైపు ఆడది మొగుడి పేరు పలకదు. కోడలు మామ పేరు పలకదు. లింగయ్య అని ఒక పుట్నాల వ్యాపారి ఉండేవాడు, అత్తాకోడళ్లిద్దరూ అతన్ని "గా పుట్నాలాయన" అనే అనేవారు. అట్లాంటి ఇంటికి మల్లాగౌడ్ ఏరి కోరి ఆ పేరే పెట్టాడు. గడప దగ్గర నిలబడి ఊరికి జవాబు చెప్పేది ఆ ఇద్దరే, ఆ ఇద్దరూ పలకకూడని పేరు అదొక్కటే.

ఒక పగటిపూట నర్సవ్వ కోడల్ని వెంటబెట్టుకుని టప్పాఖానాకు వచ్చింది. వరండాలో తార్ కోసం, అంటే టెలిగ్రాం కోసం, టికెట్ల కోసం వచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు. హైదరాబాదు సంచి కట్టే వేళ అది. కరీంనగర్ నుంచి వచ్చే మోటారు ఆగగానే సంచి ఎక్కించాలి, అది గజ్వేల్ మీదుగా వెళ్తుంది. ఆపి ఉంచే గడువు తీరిన ఇన్కార్ కవర్లు ఆ రోజే వెళ్లాలి, పూణె కవరు వాటిలో ఉంది. ఖాసిం సాబు లక్క కరగబెడుతున్నాడు.

ముసలామె కిటికీ దగ్గరికి వచ్చి, "మా చిన్నోని కాయితం ఏమన్న వచ్చిందా బిడ్డా?" అని అడిగింది.

ఊరికి కొత్తవాణ్ని, ఆమె ఎవరో నాకు తెలియదు. పద్ధతి ప్రకారం అడిగాను: ఏ ఇల్లమ్మా మీది?

ఆమె నోరు తెరిచి, మూసుకుంది. కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను మళ్లీ అడిగాను. ఆమె గోడ వైపు, తలుపు వైపు, చివరికి పైకప్పు వైపు చూసింది. వెనకాల ఎవరో, "ఏడుపుల మేడ అనరాదవ్వా, ఊరంతా ఎరికెనాయె" అన్నారు.

"అననీయడు గదా! నా కొడుకు తల మీద ఒట్టు వెట్టిచ్చుకున్నడు. గదంటె కొడుకు తలకాయ, గిదంటె పెనిమిటి పేరు. నోరుండి ఏం ఫాయిద చెప్పు?" అంది.

వరండా అంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే, చిన్నవాడు ఎక్కడ ఉన్నాడమ్మా అని అడిగాను.

"ఫౌజుల. పూణెకెళ్లి రైలెక్కి పోయిండు. పోయినంక ఒక్క అచ్చరం రాలె."

నా నవ్వు ఆగిపోయింది. ఖాసిం సాబు చేతిలోని లక్కబద్దను అట్లాగే పట్టుకుని నా వైపు చూశాడు. ఇద్దరం ఒకేసారి ఆ కవరు వైపు చూశాం.

కవరు సంగతి ఆమెకు చెప్పాను, కాని చేతికి ఇవ్వడానికి లేదు. అది మల్లాగౌడ్ పేరిట వచ్చింది, వద్దన్నదీ ఆయనే. కాబట్టి ఆయనే వచ్చి, ఆ చిరునామా తనదేనని పోస్టుమాస్టరు ముందు ఒప్పుకుని సంతకం చేస్తేనే ఇన్కార్ రద్దవుతుంది. ఖాసిం సాబును పరుగున పంపాను. మోటారు రావడానికి ఇంకా కొంత సమయం ఉంది, కాని ఆ మోటారు డ్రైవరు ఆలస్యంగా వచ్చిన రోజు అందరినీ తిట్టి తొందరగా వెళ్లిపోయే రకం.

మల్లాగౌడ్ బుసలు కొడుతూ వచ్చాడు. నేను కవరు పైకెత్తి, పై చిరునామా పూర్తిగా చదివి, ఇది మీదేనా అని అడిగాను.

"కాదు. నా ఇల్లు లింగయ్య మంజిల్. కాయితం మీద మొహరు గొట్టింది నువ్వే గదా సాబు!"

నర్సవ్వ కొడుకు రెక్క పట్టుకుంది. "చిన్నోడు రాసిండంటరా. పూణె నుంచి వచ్చిందంట."

ఆయన చెయ్యి చాచాడు. "తే. నాదే" అన్నాడు, ఎవరికీ వినపడనంత మెల్లగా.

ఏది మీది అని అడిగాను. నిబంధనలో ఇల్లు పేరుతో సహా చెప్పాలని ఉంది. పైగా ఖాసిం సాబు ఆ వాకిట్లో ఎన్ని తిట్లు తిన్నాడో నాకు తెలుసు. మల్లాగౌడ్ వరండా అంతా కలియజూశాడు. బయట మోటారు హారను వినపడింది.

"ఏడుపుల మేడ" అన్నాడు, ఈసారి బజారుదాకా వినపడేట్టు. "ఏడుపుల మేడ నాదే! ఇగనన్న ఇయ్యి!"

సంతకం చేయించి, ఆయనే చదవమంటే కవరు విప్పి చదివాను. దవాఖాన గుమాస్తా ఎవరో ఉర్దూలో రాసిపెట్టాడు, నేను తెలుగులో చెప్పాను. కాలు పోయిన సంగతి, వచ్చి తీసుకుపొమ్మన్న సంగతి అయ్యాక చివరి మాటలు ఇవి: 'మొదటి కాయితం మీరు వద్దన్నారని ఎర్ర ముద్రతో తిరిగి వచ్చింది. కాలు లేనివాడు ఎందుకనుకున్నారేమో. ఇదీ తిరిగి వస్తే ఇక రాయను. అవ్వకు మాత్రం నేను బాగున్నానని చెప్పు అన్నా.'

వరండాలో ఎవరూ నవ్వలేదు. మల్లాగౌడ్, "గా ఎర్ర ముద్ర ఎవలు గొట్టిన్రు?" అని అడిగాడు.

"ముద్ర మాది, మాట నీది" అని చెప్పాడు ఖాసిం సాబు. నేను చెప్పవలసింది ఆయనే చెప్పాడు, హక్కు కూడా ఆయనదే.

నర్సవ్వ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కొడుకు మీద కోపంతో ఆమె ముఖం ఎర్రబడింది. "మీ నాయిన నా నోట్లె లేకున్న ఇంట్ల ఉండెరా. గోడకెక్కిచ్చి నన్ను మూగదాన్ని జేస్తివి. కాలు పోయినోన్ని దిక్కులేనోన్ని జేస్తివి. పో, దించు!" అంది. తరువాత నా వైపు తిరిగి పూణెకు తార్ కొట్టమంది. అవ్వ బయలుదేరింది అని, అంతే. పంపేవారి చిరునామా కావాలమ్మా అన్నాను.

"అవ్వ అంటె వానికి ఎరికెనే. ఇల్లు ఎందుకు?" అంది. నిబంధన ఒప్పుకోదు. ఆ గడిలో సిద్దిపేట టప్పాఖానా అని రాసుకున్నాను.

సంచికి లక్క వేసి మోటారు ఎక్కించాం, ఆ కవరు లేకుండా. అదే మోటారులో తల్లీ కొడుకూ ఎక్కారు. డ్రైవరు తిట్టాడు, నర్సవ్వ తిరిగి తిట్టింది.

కిష్టాగౌడు చంకకర్రల మీద ఇంటికి వచ్చాడు. ఆ మర్నాడే మల్లాగౌడ్ గోడ మీది పేరుకు సున్నం కొట్టించాడు, కొత్తది ఏదీ రాయించలేదు. ఆడవాళ్ల మీద ఒట్టు తీసేశాడు గాని, పూణె సంగతి తెలిశాక ఏడుపు మాట నోట పెట్టడం ఇష్టం లేక వాళ్లే పాత పేరు మానుకున్నారు. ఎవరైనా ఏ ఇల్లని అడిగితే, "పేరు చెప్పం గాని, గాడ బజారు చివర" అనేవారు. ఊరు ఆ మాటనే పట్టుకుంది.

నాకు మళ్లీ బదిలీ అయ్యే రోజుల్లో మల్లాగౌడ్‌కు గజ్వేల్ నుంచి ఒక కార్డు వచ్చింది. చిరునామా: పేరు చెప్పని మేడ, సిద్దిపేట. ఖాసిం సాబు దాన్ని పట్టుకుని, తిట్లకు సిద్ధపడే వెళ్లాడు. మల్లాగౌడ్ వాకిట్లోకి వచ్చి, ఎవరు రాశారని అడిగాడట. చెప్పాక తీసుకున్నాడట. ఇంటి పేరు ఏం రాశారో అడగలేదట.

తరువాత చాలా ఊళ్లలో పనిచేశాను. ఇల్లు కొన్నవాడికి గోడలు, కప్పు, బావి దస్తావేజులో వస్తాయి, పేరు రాదు. అది గడప దగ్గర నిలబడి జవాబు చెప్పేవాళ్ల చేతిలో ఉంటుంది. అందుకని ఇంటి పేరు మార్చమని ఎవరు దరఖాస్తు తెచ్చినా, మొహరు తీసే ముందు ఒకటి అడిగేవాణ్ని: మీ ఇంట్లో ఆడవాళ్లు ఈ పేరు పలకగలరా? ఈ ప్రశ్న ఏ నిబంధనలోనూ లేదు. నేను అట్లా అడిగాక చాలామంది దరఖాస్తు మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి పోయేవారు.