నర్సవ్వకు నేనిచ్చిన పుట్టినరోజు

ఆరేళ్ల వయసులో ఒక ఆడమనిషి బిడ్డను కన్నదంటే ఏ డాక్టరూ నమ్మడు. మా పూల షెడ్డు రిజిస్టర్‌లో మాత్రం ఆ కాన్పు జరిగింది. మంత్రసానిని నేనే. నీలం సిరాతో, గుండ్రటి అక్షరాలతో, ఒక్క కొట్టివేత లేకుండా జరిపించాను. మీరు నవ్వుకోవడానికే ఇది చెబుతున్నాను. చివరిదాకా నవ్వగలిగితే మీరు నాకంటే గట్టివాళ్లు.

మాది కనకమామిడి. చుట్టుపక్కల పొలాల్లో సాఫ్ట్‌వేర్ వాళ్ల ఫామ్‌హౌసులు లేస్తున్న రోజుల్లో మా బాపు గులాబీలు వేశాడు. హైటెక్ సిటీలో రోజుకో ఆఫీసు తెరుచుకునేది. తెరిచిన ప్రతి ఆఫీసుకూ బొకేలు కావాలి. పొద్దున్నే పూలు కోసి, ముళ్లు గీకి, కట్టలు కట్టడానికి మా షెడ్డులో పన్నెండు మంది ఆడవాళ్లు ఉండేవారు. చేవెళ్లలో డిగ్రీ ముగించి ఇంట్లో పుస్తకాలు చదువుకుంటున్న నాకు బాపు రిజిస్టర్లు అప్పగించాడు.

"నీకు నోరు లేదు, రాతన్న ఉన్నది గద. కూసోని రాయి" అన్నాడు.

నిజమే. అప్పట్లో నేను ఎదుటి మనిషి చెప్పులతో మాట్లాడేదాన్ని. చెప్పుల్ని బట్టి షెడ్డులో ఎవరు ఎవరో చెప్పగలిగేదాన్ని. ముఖాలు మాత్రం సగమే తెలుసు. పైకి అనలేని మాటలన్నీ డైరీలోకి పోయేవి.

ఆ ఏడు పనివాళ్లందరికీ బీమా కార్డులు చేయించాలని బాపుకు నోటీసు వచ్చింది. కార్డు ఉంటే పనిచేసే మనిషికీ, ఇంటివాళ్లకూ పెద్ద దవాఖానలో ఉచితంగా వైద్యం చేస్తారు. అందరికంటే ఎక్కువగా దానికోసం ఎదురుచూసింది నర్సవ్వ. ఆమె పెనిమిటి మల్లయ్య షాబాద్ బండల పనిలో ముప్ఫై ఏళ్లు దుమ్ము మింగి, ఇప్పుడు మంచం మీద కూర్చుని ఊపిరి కోసం కొట్లాడుతున్నాడు.

ఫారంలో పుట్టినతేదీ గడి ఒకటుంది. షెడ్డులో తేదీ తెలిసింది నర్సవ్వ కూతురు సుజాతకు ఒక్కదానికే. బడికి పోయింది కాబట్టి కాగితం ఉంది: ఇరవై ఆరేళ్లు. మిగతా అందరికీ నేనే తేదీలు పంచాను. డైరీ రాసేవాళ్ల చేతికి తేదీలు దొరికితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. ఒకరికి వానాకాలం ఇచ్చాను, ఒకరికి మామిడిపండ్ల కాలం. నర్సవ్వకు ఫిబ్రవరి పదిహేను. పద్నాలుగున నగరంలోని ప్రేమికులందరూ కలిసి మా షెడ్డు మీద పడతారు. మర్నాడు ఒక్క పువ్వు మిగలదు, ఒక్క పని ఉండదు. పుట్టినరోజున మనిషికి తీరిక ఉండాలి కదా. సిబ్బంది నిర్వహణ అంటే ఇదేనని పొంగిపోయాను.

తేదీ కుదిరాక వయసు దగ్గర బేరం మొదలైంది.

"అరవై రాయాల్నా నర్సవ్వా?"

"అరవై అంటే ముసల్దని తీసేస్తరు బిడ్డా. తక్కువ రాయి."

"యాభై?"

"యాభై అయితే ముసల్ది గాదా? జర దిగు."

"నలభై ఐదు."

"గిట్లనా బేరం జేసేది? ముప్పై రెండు రాయి."

"ముప్పై రెండంటే మరీ..."

"నా మొఖం జూసి రాస్తవా, నేను చెప్పింది రాస్తవా?"

ముఖం చూసే ధైర్యం నాకెక్కడిది? చెప్పులు చూశాను. ముప్ఫై రెండు రాశాను. పక్క పేజీలోనే సుజాత ఉందనీ, లోకంలో తీసివేత అనే లెక్క ఒకటుందనీ నాకు తట్టలేదు.

కార్డు వచ్చింది. నర్సవ్వ దానికి పసుపు రాసి, కొంగున కట్టుకుని, మల్లయ్యను దవాఖానకు తీసుకెళ్లింది. రెండుసార్లు మందులిచ్చారు. ఆయనకు ఊపిరి కొంచెం నిమ్మళించింది. మూడోసారి చేర్చుకోవాలన్నారు. చేర్చుకునే ముందు గుమాస్తా కార్డును పూర్తిగా చదివాడు. ఆ వారమే బీమా ఇన్‌స్పెక్టర్ మా షెడ్డుకు వచ్చాడు.

"మల్లయ్యకు అరవై నాలుగు, భార్యకు ముప్పై రెండు. సరే, రెండో పెండ్లి అనుకుంట" అన్నాడు రిజిస్టర్ తిప్పుతూ. "మరి ఈ సుజాత ఎవరు?"

"నా బిడ్డ సారు" అంది నర్సవ్వ.

"సొంత బిడ్డనా?"

"కాకపోతే కిరాయికి తెచ్చుకున్ననా?"

"ఆమెకు ఇరవై ఆరు. అంటే నీకు ఆరేండ్లప్పుడు పుట్టింది."

షెడ్డంతా గొల్లుమంది. "మా అమ్మకు అన్నిట్ల తొందరే సారు" అంది సుజాత. ఇన్‌స్పెక్టర్ కూడా నవ్వాడు. నవ్వు ఆపి, "అసలు ఈ కార్డుకు వయసు అడ్డమే లేదు. అరవై రాసినా వస్తుండె" అన్నాడు.

ఇన్‌స్పెక్టర్ రిజిస్టర్ మూశాడు.

"రాసేటోళ్ల తప్పయితే ఒక్క లెటర్‌తోని సరిచేస్తం. పనామె అబద్ధం చెప్పి రాయించుకుంటే ఎంక్వైరీ చెయ్యాలె, అందాక కార్డు బంద్. ఎవలది తప్పు?"

ఒక్క మాట చాలు. 'నాది'. రెండే అక్షరాలు. డైరీలో రోజూ నాలుగు పేజీలు నింపే మనిషిని, ఆ రెండక్షరాలు పలకలేక పూల బకెట్ల వెనక్కి జరిగాను. బాపు నా వైపు చూశాడు. నేను ఆయన చెప్పులు చూశాను.

"నేనే గట్ల రాయమన్న సారు" అంది నర్సవ్వ. "బిడ్డకేం ఎరుక? చిన్నపిల్ల."

ఆ సాయంత్రం డైరీలో 'తప్పు నాది' అని చక్కగా రాసి, కింద గీత కూడా గీశాను. డైరీని ఏ ఇన్‌స్పెక్టరూ తనిఖీ చేయడు.

డాక్టరు దగ్గర వయసు కాగితం, పంచాయతీ కాగితం, వాంగ్మూలం. బాపు స్కూటర్ మీద మొయినాబాద్‌కూ నగరానికీ తిరుగుతూనే ఉన్నాడు. కొత్త కార్డు వచ్చింది. తేదీ మార్చలేదు, ఏడాది ఒక్కటే దిద్దారు. అప్పటికి మల్లయ్య పోయి పదకొండు రోజులు.

కార్డు ఇవ్వడానికి నేనే వెళ్లాను. నర్సవ్వ దాన్ని అటూ ఇటూ తిప్పింది.

"ఎంత రాసిన్రు?"

"అరవై."

"ఇగ రాస్తె ఏంది" అని గూట్లో పెట్టింది. మొదటిసారి ఆమె ముఖం చూశాను. పైపెదవి మీద చిన్న పుట్టుమచ్చ ఉంది. మూడేళ్లు రోజూ ఆమె హాజరు వేసి, అది నాకు తెలియదు.

ఆమె మళ్లీ పనిలోకి వచ్చింది. ఫిబ్రవరి పద్నాలుగు దాటిన మర్నాడు, ఖాళీ షెడ్డులో నేనొక్కదాన్నే ఉండగా, పేపరులో చుట్టిన పాలకోవా తెచ్చి రిజిస్టర్ మీద పెట్టింది.

"ఏంది నర్సవ్వా?"

"ఇయ్యాల నా పుట్టిన్రోజని రాసినవంట గద. గిన్నేండ్ల నుంచి నాకు గట్ల ఒక దినం ఉన్నదని ఎవలూ చెప్పలే."

"నర్సవ్వా, ఆనాడు తప్పు నాదని చెప్పకపోతిని."

"ఎరుకే. తిను."

కోవా చిన్న ముక్క తుంచుకున్నాను. ఏదో ఒకటి అనాలని, "ఎన్నేండ్లు నిండినయి?" అని అడిగాను.

"నన్నడుగుతవేంది? రాసేదానివి నువ్వే గద."

కనుక పాఠకులారా, ఆ పాలకోవా మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇకపై ఎవరి వయసూ వారి చెప్పులు చూసి రాయను. ముఖం చూస్తాను, నోరు తెరిచి అడుగుతాను, పక్క పేజీ తిప్పి తీసివేత చేస్తాను. ఎవరికీ పుట్టినరోజులు పంచిపెట్టను. పంచినవాటిలో ఫిబ్రవరి పదిహేనును మాత్రం, ఏ ఇన్‌స్పెక్టర్ వచ్చి అడిగినా, వెనక్కి తీసుకోను.